ఫిల్టర్ మార్చాక డీజిల్ కారు స్టార్ట్ అవ్వకపోతే

నిన్నటి దాకా బాగా నడిచిన బండి, డీజిల్ ఫిల్టర్ మార్చి బానెట్ మూయగానే మొండికేస్తే ఎవరికైనా టెన్షనే. మా పాత డీజిల్ కారుకి ఇలాగే అయితే, పూటంతా సెల్ఫ్ కొట్టి బ్యాటరీ కూడా దించేశాను. నిన్న పనిచేసిన పంపు, ఇంజన్‌లోకి డీజిల్ చిమ్మే నాజిళ్లు ఇవాళ ఒక్కసారిగా పాడవడం అరుదు. కొత్త సామాన్లు కొనకముందు, చేయి పెట్టిన చోటే వెతకండి.

సెల్ఫ్ టిక్ టిక్ అంటోంది, లేదా బరువుగా తిరుగుతోంది

బ్యాటరీ టెర్మినల్ వదులుగా ఉండొచ్చు, ఇంజన్ ఎర్త్ వైరు తిరిగి బిగించడం మర్చిపోయి ఉండొచ్చు. రెండూ శుభ్రం చేసి గట్టిగా బిగించండి. ఆపి ఉంచిన బండిలో బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర ఉండాలి. సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 వోల్టుల కన్నా కిందికి పడిపోతుంటే ముందు చార్జింగ్ పెట్టండి. డీజిల్ ఇంజన్ నెమ్మదిగా తిరిగితే అంటుకోదు.

సెల్ఫ్ జోరుగా తిరుగుతోంది, సైలెన్సర్‌లో పొగ లేదు

డీజిల్ లోపలికి వెళ్లట్లేదు. ఫిల్టర్ మార్చిన బండిలో ఎక్కువగా కనిపించేది ఇదే, లైనులో ఎయిర్ పట్టడం. కామన్ రైల్ ఇంజన్లలో, అంటే నాజిళ్లన్నిటికీ ఒకే పైపు నుంచి డీజిల్ అందే ఇంజన్లలో, ఆ పైపులో సుమారు 200 బార్ ఒత్తిడి వస్తే తప్ప నాజిళ్లు తెరుచుకోవు. గాలి నొక్కుకుపోతుంది కాబట్టి ఆ ఒత్తిడి పెరగదు.

ఫిల్టర్ దగ్గర రబ్బరు ప్రైమర్ (చేత్తో నొక్కి డీజిల్ లాగే బుడ్డి) ఉంటే గట్టిపడేదాకా నొక్కండి. గాలి తీసే స్క్రూ ఉంటే కొంచెం వదులు చేసి, బుడగలు లేని డీజిల్ వచ్చాక బిగించండి. ప్రైమర్ లేక, ట్యాంకులో కరెంటు పంపు ఉంటే, సెల్ఫ్ కొట్టకుండా తాళం ఆన్ చేసి కొన్ని సెకన్లు ఆగి ఆఫ్ చేయండి. ఇలా ఐదారుసార్లు చేయాలి. తర్వాతే సెల్ఫ్. ఒక్కోసారి 10 సెకన్లు మించకుండా, మధ్యలో ఒక నిమిషం ఆగుతూ కొట్టండి.

పాత ఇంజన్లలో నాజిల్ పైపుల నట్లు వదులు చేసి గాలి తీసేవారు. కామన్ రైల్ బండిలో ఆ పని అస్సలు చేయొద్దు. కొన్ని ఇంజన్లలో ఒత్తిడి 1600 బార్ దాకా వెళ్తుంది, ఆ డీజిల్ ధార చర్మంలోకి దూసుకుపోతుంది. గాయం సూదిపోటంత కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

స్టార్ట్ అయి, నిమిషంలో ఆగిపోతోంది

ప్రైమర్ ఎంత నొక్కినా గట్టిపడకపోయినా కారణం ఇదే: ఎక్కడో గాలి పీలుస్తోంది. ట్యాంకు నుంచి లాగే వైపు లీకు ఉంటే డీజిల్ బయటికి కారకపోవచ్చు, గాలి మాత్రం లోపలికి పోతుంది. మా బండిలో పాత ఓ-రింగ్ (లీకు కాకుండా ఆపే రబ్బరు రింగు) ఫిల్టర్ మూతకి అంటుకునే ఉంది, మెకానిక్ దాని మీదే కొత్తది పెట్టేశాడు. పాతది తీసేసి, కొత్త రింగుకి కాస్త డీజిల్ రాసి బిగించాక బండి మళ్లీ ఆగలేదు. రెండు పైపులు తారుమారయ్యాయేమో ఫిల్టర్ మీది బాణం గుర్తుతో సరిచూడండి.

తెల్ల పొగ వస్తోంది, అంటుకోవట్లేదు

డీజిల్ వెళ్తోంది, మండట్లేదు. చలి ఉదయమైతే, ఇంజన్ లోపల ముందుగా వేడిచేసే హీటర్ ప్లగ్గుల కనెక్షన్ చూడండి. టైమింగ్ బెల్టు లేదా చైన్ మార్చి ఉంటే మాత్రం అక్కడితో ఆపేయండి. టైమింగ్ తప్పితే పిస్టన్లు వాల్వులకి తగులుతాయి. తోసి స్టార్ట్ చేయడం, స్టార్టింగ్ స్ప్రే కొట్టడం రెండూ వద్దు.

పొగ లేక, సెల్ఫ్ కొట్టేటప్పుడు ఆర్పీఎం ముల్లు కూడా కదలకపోతే క్రాంక్ సెన్సర్ (ఇంజన్ తిరగడాన్ని పసిగట్టేది) ప్లగ్గు ఊడిందేమో చూడండి.

స్టార్ట్ అయ్యాక ఐదు నిమిషాలు అలాగే నడవనిచ్చి, ఫిల్టర్ కింద ఒక అట్టముక్క పెట్టి, తడి పడుతోందేమో టార్చి వేసి చూసుకోండి.