కంకర గుంతలో చేప ఎర ముట్టట్లేదా? ముందు అడుగు చూసుకోండి

ఇంగ్లండ్‌లో రీడింగ్ చుట్టుపక్కల ఉండే మనవాళ్ల కోసం రాస్తున్నా. ఇక్కడ కంకర తవ్వేసి వదిలేస్తే నీళ్లూరిన పెద్ద పెద్ద గుంతలు చాలా ఉన్నాయి, చూడ్డానికి మన ఊరి చెరువులాగే ఉంటాయి గానీ అడుగు మాత్రం అస్సలు సమంగా ఉండదు, మిషన్ తవ్విన చోట గొయ్యి, వదిలేసిన చోట గట్టు.

పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒక్క చేపా ముట్టలేదంటే చాలాసార్లు ఎరలో తప్పుండదు, అది పడ్డ చోటులోనే తప్పు. ఎరగా పెట్టిన మీ స్వీట్ కార్న్ నాచులో కూరుకుపోయి ఉంటుంది. గాలం కట్టకుండా లైన్‌కి ఉత్త సీసం గుండు కట్టి విసరండి, పడగానే లైన్ బిగువుగా పట్టుకుని అడుగు తగిలేదాకా లెక్కపెట్టండి, ఒకచోట నాలుగుకే తగిలి పక్కన ఎనిమిది దాకా పోతే మధ్యలో వాలు ఉన్నట్టే. తర్వాత మెల్లగా లాగండి. కంకర మీదైతే రాడ్ చివర టకటకా కొట్టుకుంటుంది, బురదైతే కాస్త అతుక్కుని తర్వాత మెత్తగా జారుతుంది, నాచైతే పట్టుకుని వదలదు. బ్రెయిడ్ లైన్ (సాగని అల్లిక దారం) అయితే ఇదంతా చేతికి ఇంకా బాగా తెలుస్తుంది. గట్టు దిగే వాలులో నాచు లేని చోటు దొరికిందా, ప్రతిసారీ అంతే దూరం పడేలా లైన్‌ని రీల్ క్లిప్‌కి తగిలించి, దిక్కు కోసం అవతలి ఒడ్డున ఒక చెట్టు గుర్తు పెట్టుకోండి, ప్రతిసారీ ఫీడర్ (మేత నింపి లైన్‌కి కట్టే చిన్న బుట్ట) ఆ చోటే పడాలి. ఈ పనికి గంట పట్టినా పర్లేదు, నేను మొదటి సీజన్ అంతా ఇది చెయ్యకే ఖాళీ చేతుల్తో ఇంటికొచ్చా.

రాడ్ చివర ఊరికే వణుకుతుంది, లాగితే ఏమీ ఉండదు? బ్రీమ్ అనే చేపల గుంపు వచ్చి లైన్‌కి రాసుకుంటున్నట్టు, ప్రతి వణుకుకీ లాగొద్దు, లైన్ కాస్త వదులు చేసి అడుక్కి దించండి. అదే ఎరగా పెట్టిన మాగట్స్ (ఈగ పురుగులు) నలిగి ఉత్త తొక్కలై తిరిగొస్తే మాత్రం టెంచ్ అనే చేప పీల్చి ఊసేస్తోంది, గాలం కట్టిన దారం మరీ పొడవుంది, నాలుగైదు అంగుళాలకి తగ్గించండి, తేడా మీకే తెలుస్తుంది.

చేప పడ్డాక నాచులోకి దూరి కదలట్లేదంటే గుంజొద్దు. ఒకే బిగువుతో పట్టి ఉంచండి, అప్పటికీ రాకపోతే రెండు నిమిషాలు లైన్ వదులు చేస్తే చాలాసార్లు అదే బయటికొస్తుంది. నాచున్న చోట 10 పౌండ్ల బరువు ఆపే లైన్‌కి తగ్గొద్దు, తెగితే చేప నోట్లో గాలంతో తిరగాల్సొస్తుంది పాపం.

నిన్న పడ్డ చోట ఇవాళ లేవా? గాలి చూడండి. నైరుతి నుంచి వెచ్చగా వీస్తుంటే అలలు కొట్టే ఒడ్డుకెళ్లండి, తూర్పు చలిగాలైతే చాటున్న వైపు.

13 ఏళ్లు నిండినవాళ్లకి రాడ్ లైసెన్స్ ఉండాలి, గుంత ఓనర్ టికెట్ అదనం. పడ్డ టెంచ్‌ని వండుకోవడానికి తెచ్చుకోవద్దు, చేతులు తడుపుకుని తడి మ్యాట్ మీద గాలం తీసి, నీళ్లలో రెండు చేతుల మధ్య నిలబెట్టి అది తోక ఆడించాకే వదలండి.