డొమైన్ కొనే ముందు: మీ ఇంటి అడ్రస్ బయటపడకుండా

తిరుపతిలో హోమ్‌స్టేకైనా, చిత్తూరులో మామిడి గుజ్జు యూనిట్‌కైనా డొమైన్ (వెబ్‌సైట్ పేరు) కొనేటప్పుడు ఇవే జాగ్రత్తలు.

– ఫారంలో ఇంటి అడ్రస్ బదులు షాపుది ఇవ్వండి. దొంగ అడ్రస్ ఇస్తే డొమైనే రద్దు కావచ్చు.

– డాట్ కామ్‌కైతే డబ్బు కట్టే ముందే మీ వివరాలు దాచే ప్రైవసీ ఆప్షన్ ఆన్‌లో ఉందో లేదో చూడండి. డాట్ ఇన్‌కు ఆ సేవను అనుమతించరు. అసలు చిక్కు ‘ఆర్గనైజేషన్’ గడితోనే. అక్కడ రాసింది, రాష్ట్రం పేరుతో సహా, ఎవరైనా వెతికితే కనబడొచ్చు. కొందరు ఫోన్ నంబరు కూడా అందులోనే కొట్టేస్తారు! షాపు పేరు చాలు.

– ఈమెయిల్ విడిగా పెట్టుకోండి. అదే డొమైన్‌తో ఉన్న ఈమెయిల్ వద్దు, గడువు దాటితే రెండూ ఆగిపోతాయి. డాట్ కామ్ వెరిఫికేషన్ లింకు 15 రోజుల్లోపు నొక్కాలి.

– సైట్ చేసే అబ్బాయి ఖాతాలో కొనొద్దు. అతనికి వాట్సాప్‌లో ఆధార్ కాపీ అసలే పంపొద్దు. కేవైసీ అడిగితే రిజిస్ట్రార్ (డొమైన్ అమ్మే కంపెనీ) పేజీలో మీరే అప్‌లోడ్ చేయండి.