కారవాన్ వంటగదిలో చేయి దూరని చోట నీటి లీకు: సమస్య - పరిష్కారం

సింకు కింది అల్మరా తలుపు తీస్తే ప్లైవుడ్ చెమ్మగా తగులుతుంది, కానీ బొట్టు ఎక్కడినుంచి పడుతోందో కనిపించదు. విజయవాడ ఆటోనగర్‌లోని మా షెడ్డుకు వచ్చే కారవాన్ (ఇంటిలా అమర్చిన బండి) ఫిర్యాదుల్లో నేను ఎక్కువగా చూసేది ఇదే. బండి మా దగ్గరకు చేరేసరికే చాలామంది స్టవ్వు ఊడదీసి, వెనక పలక కోసేసి ఉంటారు. రూపాయి ఖర్చు లేని పరీక్షను వదిలేసి రెండు రోజుల వడ్రంగి పని నెత్తికెత్తుకోవడం చూసి చూసి విసుగొచ్చి ఇది రాస్తున్నాను.

ముందు పంపు చప్పుడు వినండి

కుళాయిలన్నీ కట్టేసి, పంపు స్విచ్ వేసి, పక్కనే కూర్చోండి. 12 వోల్టుల పంపులో ఉండే ప్రెషర్ స్విచ్, లైనులో ఒత్తిడి నిండగానే పంపును ఆపేస్తుంది. ఆ తరువాత ఎవరూ కుళాయి తిప్పకుండానే పది ఇరవై నిమిషాలకొకసారి పంపు ఒక్క క్షణం తిరిగి ఆగుతుంటే, ఒత్తిడి ఉన్న లైనులోంచి నీరు ఎటో పోతోందని అర్థం. గంట గడిచినా పంపు పలకకుండా, గిన్నెలు కడిగినప్పుడు మాత్రమే అల్మరా తడుస్తుంటే, లోపం సాధారణంగా ఆ లైనులో ఉండదు. సింకు వేస్టు కప్లింగ్ (అడుగున నీరు పోయే గొట్టం అతుకు) వాషరో, కుళాయి మొదట్లోని వాషరో అరిగి ఉంటుంది. సింకు నిండా నీళ్లు పట్టి ఒక్కసారిగా వదిలితే అది బయటపడుతుంది. వాషరు మార్చితే పని అయిపోతుంది.

పంపు పలుకుతున్నా లీకు బయటే ఉందని అప్పుడే తీర్మానించకండి. పంపు తరువాత ఉన్న బాల్ వాల్వు కట్టి చూడండి. అప్పుడూ పలుకుతుంటే, పంపులోని నాన్ రిటర్న్ వాల్వు (నీటిని ఒకవైపుకే పోనిచ్చేది) గుండా నీరు వెనక్కి ట్యాంకులోకి జారుతోంది. పంపు వాల్వు కిట్టు మార్చాలి, అల్మరా జోలికి వెళ్లనక్కరలేదు.

మధ్యాహ్నం దొరకని లీకు

నన్ను బాగా ఇబ్బంది పెట్టినది ఇది. ఒక వేసవిలో గుంటూరు నుంచి ఒక యజమాని మూడుసార్లు బండి తెచ్చారు. ఉదయం లేవగానే అల్మరా అడుగు తడిగా ఉంటోందని ఆయన చెప్పేవారు. నేను చూసే పన్నెండు గంటల వేళకు అంతా పొడిగా ఉండేది, పంపు కూడా నిశ్శబ్దంగా ఉండేది. మొదటిసారి వేస్టు వాషరు, రెండోసారి కుళాయి మార్చి పంపాను. మూడోసారికి ప్లైవుడ్ ఉబ్బిపోయింది. ఆ రాత్రి బండిని షెడ్డులోనే ఉంచి, తెల్లవారుజామున ఐదు గంటలకు లైటు వేసి చూస్తే, స్టవ్వు వెనక సీపీవీసీ (గట్టి ప్లాస్టిక్) పైపు ఎల్బో (మలుపు ముక్క) మెడ దగ్గర వెంట్రుకంత పగులులోంచి బొట్టు బొట్టుగా నీరు పడుతోంది.

కారణం పైపు సాగడం, కుంచించుకుపోవడం. ఎండలో నిలిపిన బండి లోపలి వేడికీ తెల్లవారుజాము చల్లదనానికీ మధ్య 30 డిగ్రీల తేడా వస్తే, రెండు మీటర్ల సీపీవీసీ పైపు పొడవు దాదాపు 4 మిల్లీమీటర్లు మారుతుంది. పైపును రెండు చివరలా క్లాంపులతో గట్టిగా బిగించి, మధ్యలో కదలడానికి చోటు ఇవ్వకపోతే, ఆ మార్పంతా ఎల్బో మీదే పడుతుంది. దానికి దారి కుదుపులు తోడై చివరకు మెడ దగ్గర చీలుతుంది. పగటి వేడికి పైపు సాగి పగులును మూసేస్తుంది, తెల్లవారేసరికి వెనక్కి లాగి తెరుస్తుంది. అందువల్ల పైన చెప్పిన పంపు పరీక్షను సూర్యోదయానికి ముందు కూడా తప్పకుండా చేయండి. నీరు పైపు వెంట జారి దూరంగా పడుతుంది కనుక, పైపంతా పొడిగుడ్డతో తుడిచి, ఫోను లైటు వేసి వెనక సందులోకి దించి వీడియో తీయండి. తడి మొదలయ్యే అన్నిటికంటే ఎత్తైన చోటే అసలు లీకు. దాని కింద కనిపించే చెమ్మను నమ్మవద్దు.

పగులు మీద ఎంసీల్ (ముద్దలా కలిపి రుద్దే అతుకు మందు) రుద్దడం వద్దు. పైపు కదలిక ఆగనంతకాలం అది ఊడుతూనే ఉంటుంది. పంపు, ఇన్వర్టరు, గ్యాసు కట్టేసి, కుళాయి తిప్పి ఒత్తిడి పూర్తిగా వదలండి. కింది సొరుగు బయటికి లాగి, వెనక పలకలో వైర్లు లేవని చూసుకున్నాక చేయి పట్టేంత కంత కోయండి. చేతికి సులువుగా అందే చోట పైపును కోసి, ఎల్బోను పూర్తిగా తీసేయండి. పైపు చివర లోపలా బయటా తుడిచి ఆరనిచ్చాకే సొల్యూషన్ (పైపు జిగురు) రాసి, ఇత్తడి మరలున్న అడాప్టరు అతికించండి. తడి పైపు మీద సొల్యూషన్ పట్టదు. దాని వాసన ఘాటు కనుక కిటికీలు తెరిచి ఉంచండి.

ఒక రోజు ఆరాక, ఆ అడాప్టరు నుంచి కుళాయి వరకు స్టీలు అల్లిక ఉన్న కనెక్షన్ పైపును కొంచెం వంపుతో వదులుగా పెట్టండి. పైపు ఎంత సాగినా ఆ వంపే భరిస్తుంది. దాని నట్టులో రబ్బరు వాషరు ఉంటుంది కాబట్టి టెఫ్లాన్ టేపు అక్కరలేదు. చేత్తో తిప్పి, ఆపై స్పానరుతో అర చుట్టు చాలు. మిగిలిన గట్టి పైపు క్లాంపులను కొంచెం వదులు చేసి, పైపు జారేలా ఉంచండి.

గీజరు సేఫ్టీ వాల్వు కారడం, ఎలుక కొరకడం, ట్యాంకు పగలడం వంటివీ ఒక్కోసారి ఉంటాయి.

పని అయ్యాక అల్మరా అడుగున పొడి న్యూస్‌పేపరు పరిచి, ఒక పూట బండిని గతుకుల దారిలో తిప్పి, మరుసటి తెల్లవారుజామున తీసి చూడండి. కాగితం పొడిగా ఉంటేనే కంత మూయండి. అదీ మేకులతో కాదు, తిరిగి తీయగలిగేలా స్క్రూలతో.