కలివిపండ్లకు పోయే ముందు

రోహిణి ఎండలు విరిగి మృగశిరలో నాలుగు చినుకులు పడితే చాలు, మా కడప జిల్లా తిప్పల మీద కలివి పొదల్లో పండ్లు నల్లబడతాయి. కొన్ని ఊళ్ళలో వీటిని కలేపండ్లు అంటారు. పప్పులోకి, పచ్చడిలోకి వేసే వాక్కాయ దీనికి దగ్గర చుట్టం. దాని కాయ పెద్దది, పులుపు ఎక్కువ. కలివిపండు చిన్నది, బాగా మాగితే తీపి. సెలవులకు వచ్చిన పిల్లలు చెంబులు పట్టుకుని బయలుదేరేది ఈ రోజుల్లోనే, పెద్దవాళ్ళం కాస్త కళ్ళు తెరిచి ఉండాల్సిందీ ఈ రోజుల్లోనే.

పండుతో భయం లేదు. భయమంతా అది కాసే చోటుతోనే. కలివికి నల్లరేగడి అక్కర్లేదు, నీళ్ళు నిలిచే పల్లం అసలు గిట్టదు. గరుసు నేల, రాతి సందులు, రోజంతా ఎండ, ఇవి ఉంటే చాలు. మే నెలలో చుట్టూ ఉన్న చెట్లు ఆకు రాల్చి మోడుగా నిలబడితే, ఇది మాత్రం దళసరి ఆకుతో నిగనిగలాడుతూ నేలదాకా దట్టంగా కమ్ముకుని ఉంటుంది. అంటే ఆ తిప్ప మీద మిట్టమధ్యాహ్నం చల్లగా ఉండే చోటు అదొక్కటే. ఆ సంగతి మనకంటే ముందు రక్తపింజర, చిన్నపింజర పాములకు తెలుసు.

మా పెద్దమ్మ వెంట పోయినప్పుడల్లా ఆమె పద్ధతి ఒక్కటే. పొద పది అడుగుల దూరంలో ఉండగానే ఆగి, చేతికట్టెతో నేలను నాలుగు దెబ్బలు కొట్టి, కాసేపు చెవి ఒగ్గి వినేది. తర్వాత కింది కొమ్మను కట్టెతో పైకెత్తి, పొద మొదలు దగ్గర ఎండుటాకులు కదిపేది. నేను ఆత్రంగా చెయ్యి చాపితే, "రేయ్, ముందు కట్టె పోవల్ల, ఎనక చెయ్యి పోవల్ల" అని ఆ కట్టెతోనే మణికట్టు మీద తట్టేది. రక్తపింజర కుక్కర్ ఆవిరిలా గట్టిగా బుసకొడుతుంది. చిన్నపింజర పొలుసులు రాసుకుంటూ రంపం గీసినట్టు గరగరమంటుంది. ఆ రెండు చప్పుళ్ళలో ఏది వినబడినా ఆ పొద వదిలేసి వెనక్కి రావడమే. చెప్పులతో పోవద్దు, బూట్లు వేసుకోండి. రాలిన పండ్లు ఏరుకుందామని పొద కింద చెయ్యి పెట్టవద్దు. పాము కరిస్తే గాటు పెట్టడం, నోటితో పీల్చడం, గట్టిగా తాడు కట్టడం వద్దు. కరిచిన కాలో చెయ్యో కదలకుండా ఉంచి, 108కి ఫోన్ చేసి, విషానికి విరుగుడు ఇంజెక్షన్ ఉండే ఆసుపత్రికి చేర్చండి. పసరు వైద్యం దగ్గర పోగొట్టుకునే గంట తిరిగి రాదు.

లంకమల, నల్లమల అడవుల అంచు ఊళ్ళవాళ్ళు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. ఎలుగుబంటికి ఈ పండ్లంటే ఇష్టం. తెల్లవారుజామున, పొద్దుగూకే వేళ అది మేతకు వస్తుంది కాబట్టి ఎండ వచ్చాకే పోవాలి, ఒంటరిగా పోకూడదు, మాట్లాడుకుంటూ పోవాలి. ఉరుము వినబడితే తిప్ప దిగేయండి. బయలు నేలలో పిడుగుకు మనమే ఎత్తు.

పండ్ల మీద ఆశతో గడ్డికి నిప్పు పెట్టేవాళ్ళున్నారు, దారి సాఫీ అవుతుందని. దయచేసి ఆ పని వద్దు. ఈ పొదల్లో బతికే కలివికోడి అనే అరుదైన పిట్టకు ఆ పేరు వచ్చిందే వీటి వల్ల. 1900 తర్వాత ఎవరి కంటా పడక అంతరించిందనుకున్న ఆ పిట్ట 1986లో సిద్ధవటం దగ్గర మళ్ళీ దొరికింది. పగలు దాక్కుని రాత్రి తిరుగుతుంది, నేల మీదే బతుకుతుంది. లంకమల అభయారణ్యం హద్దు దాటి అనుమతి లేకుండా పోకపోవడం దానికీ మేలు, మనకీ మేలు.

ఇక కోత. కలివిముల్లు గట్టిది, విరిగి లోపలే ఉండిపోతుంది. ఒకసారి అరచేతిలో చిన్న ముక్క మిగిలిపోతే మూడు రోజులు నా చెయ్యి బన్నురొట్టెలా ఉబ్బింది. ముల్లు తీసి సబ్బునీళ్ళతో కడగండి, టీటీ ఇంజెక్షన్ వేయించుకుని చాలా కాలమైతే మళ్ళీ వేయించుకోండి. కొమ్మను వంచి వదిలేటప్పుడు వెనక ఎవరి ముఖమైనా ఉందేమో చూడాలి, కంటికి తగిలిందంటే చిన్న విషయం కాదు. పచ్చికాయ తుంచితే తెల్లని పాలు కారి వేళ్ళకు జిగురు పడతాయి. చేతులకు ముందే కొబ్బరినూనె రాసుకుంటే తేలిగ్గా వదులుతుంది. పూర్తిగా నల్లబడి, తాకగానే ఊడొచ్చేవే తినడానికి కోసుకోండి. ఎర్రగా ఉన్నవి దోసెడు తింటే నాలుక గరుకెక్కి పళ్ళు పులుస్తాయి.

పిల్లలకు ఒక గుర్తు తప్పక నేర్పండి: ముల్లు లేనిది కలివి కాదు. కలివిది గన్నేరు కుటుంబమే, అందుకే పాలు చూసి పోల్చుకుంటే మోసపోతాం. పచ్చగన్నేరుకూ పాలే, దాని కాయ కూడా మాగితే నల్లబడుతుంది, కానీ ఆ గింజ గుండెను ఆపేసే విషం. దాని ఆకు సన్నగా పొడుగ్గా ఉంటుంది, పువ్వు పసుపు. కలివి ఆకు గుండ్రం, మల్లెలాంటి తెల్లపువ్వు, కొమ్మకు జంట ముళ్ళు. పొదల మధ్య లంటానా అనే కలుపు మొక్క కూడా అల్లుకుంటుంది. దానికీ కొక్కేల్లాంటి చిన్న ముళ్ళుంటాయి కానీ పండ్లు పూసల్లా గుత్తిగా ఉంటాయి, ఆకు నలిపితే ఘాటు వాసన. వాటి జోలికి పోనివ్వొద్దు. ఎవరైనా పొరపాటున తెలియని కాయ తింటే, మిగిలిన కాయ చేతపట్టుకుని వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి.

ఈ బాధలన్నీ వద్దు, పెరట్లోనే పెంచుకుంటామంటారా, వాక్కాయ మొక్క మేలు. పండులోంచి తీసిన గింజ ఎక్కువ రోజులు ఆగదు, తాజాగానే నాటాలి. వానలు పడ్డాక రెండుమూడు అడుగులకొకటి కంచెలా వేస్తే మేక కూడా దూరదు. మొదటి ఏడాది నత్తనడకే, మూడో ఏటికి కాయలు చూడొచ్చు. మొక్క మొదలు దగ్గర నీళ్ళు నిలవనీయకండి. కత్తిరించిన కొమ్మలు వెంటనే ఏరి పారేయండి. గేటు పక్కన మాత్రం వద్దు. మా పాలాయన సైకిల్ రెండుసార్లు పంక్చరయ్యాక అక్కడి రెండు మొక్కలూ నేనే పీకేశాను.