విడిగా ఉంటున్న తల్లిదండ్రులు: అమెరికా ట్యాక్స్ రిటర్న్‌లో బిడ్డను చూపేముందు జాగ్రత్తలు

ముందు రాత్రులు లెక్కపెట్టండి. ఏడాదిలో బిడ్డ ఎవరి దగ్గర ఎక్కువ రాత్రులు ఉంటే బిడ్డను తమపై ఆధారపడిన వ్యక్తిగా (డిపెండెంట్) చూపే హక్కు వారిది, 183–182 తేడా అయినా సరే. ఫీజులు ఎవరు కట్టారన్నది ఇక్కడ చూడరు. స్నేహితుల ఇంట్లోనో క్యాంపులోనో పడుకున్న రాత్రి, మామూలుగా అయితే ఎవరి దగ్గర ఉండాల్సిందో వారి లెక్కలోకే వెళ్తుంది. డిసెంబర్ 31 రాత్రి పాత ఏడాదిదే. రాత్రులు సరిసమానమైతే ఏజీఐ (రిటర్న్‌లో చూపే సర్దుబాటు చేసిన మొత్తం ఆదాయం) ఎక్కువున్నవారిది. అందుకే క్యాలెండర్‌లో ఏ రోజుకారోజు రాసిపెట్టుకోండి.

• హక్కు రెండోవారికి వదిలితే ఫారం 8332 మీద సంతకం తప్పనిసరి. 2008 తర్వాతి విడాకుల డిక్రీలో "తండ్రికే" అని రాసి ఉన్నా ఆ కాగితం చాలదు. చాలామంది దెబ్బతినేది ఇక్కడే.

• సంతకానికి ముందు పార్ట్ 1, పార్ట్ 2 తేడా చూసుకోండి. మొదటిది ఒక్క ఏడాదికి, రెండోది రాబోయే ఏళ్లకు. రద్దు చేసుకున్నా, అవతలివారికి తెలియజేసిన మరుసటి ఏడాది నుంచే అమలవుతుంది. తొందరపడి పార్ట్ 2 నింపకండి.

• వదిలినా హెడ్ ఆఫ్ హౌస్‌హోల్డ్ (ఇంటిని నడిపే ఒంటరి వ్యక్తికి పన్ను తగ్గించే ఫైలింగ్ హోదా), ఈఐటీసీ (తక్కువ సంపాదన ఉన్నవారికిచ్చే పన్ను క్రెడిట్), డేకేర్ క్రెడిట్ మాత్రం రెండోవారికి పోవు. అర్హత ఉంటే బిడ్డను పెట్టుకున్నవారివే.

• హెచ్‌4 (హెచ్‌1బీ ఉద్యోగి కుటుంబానికిచ్చే వీసా) మీద ఉన్న బిడ్డకు సోషల్ సెక్యూరిటీ నంబర్ లేక, ఐటీఐఎన్ (దాని బదులు పన్ను కోసం ఇచ్చే నంబర్) మాత్రమే ఉంటే చైల్డ్ ట్యాక్స్ క్రెడిట్ రాదు. దక్కేది 500 డాలర్ల వరకే.