రక్తం జబ్బుల పేర్లు తోక నుంచి చదివితే

రక్తం చాప్టర్‌లో పేర్లు బట్టీ పట్టినకొద్దీ ఒకదానితో ఒకటి కలిసిపోయేవి. తోక వైపు నుంచి చదవడం మొదలుపెట్టాక దారికొచ్చింది. థ్రాంబోసైటోపీనియానే తీసుకోండి: పీనియా అంటే కొరత, సైటో అంటే కణం, థ్రాంబో అంటే గడ్డ. రక్తాన్ని గడ్డకట్టించే ప్లేట్‌లెట్లు తగ్గాయన్నమాట. మైక్రోలీటర్‌కు 1.5 లక్షల కన్నా తక్కువైతే ఈ పేరు వాడతారు. ల్యూకోపీనియాలో తగ్గేది తెల్లకణాలు. తోక సైటోసిస్ అయితే పెరిగాయని.

లింఫు (ఒంట్లో తన సొంత నాళాల్లో పారే పలుచని ద్రవం) వైపు అసలు చిక్కంతా మధ్య ముక్కలోనే. ఆడెన్ ఉంటే గ్రంథి, ఆంజి ఉంటే నాళం. లింఫాడెనైటిస్‌లో మెడలోనో చంకలోనో గ్రంథి వాచి నొప్పెడుతుంది. లింఫాంజైటిస్‌లో నాళం వెంబడి చర్మం మీద ఎర్రటి చార పాకుతుంది. ఎనీమియా దగ్గర మాత్రం జాగ్రత్త: పేరు రక్తమే లేదంటుంది, కొలిచేది హిమోగ్లోబిన్‌ని.