కూలెంట్ లేకుండా నడిచిన కారు ఇంజిన్ దెబ్బతిన్నదో లేదో చూడడం ఎలా?

ఎండాకాలం మధ్యాహ్నం హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్తుండగా రేడియేటర్ కింది హోస్ పైపు క్లిప్పు ఊడి, కూలెంట్ అంతా రోడ్డు పాలైందనుకుందాం. కారు లాగడం తగ్గడం, మాడు వాసన రావడం, బానెట్ లోపల టకటకమని చప్పుడు కావడం గమనించి పక్కకు ఆపేసరికి నాలుగైదు కిలోమీటర్లు గడిచిపోవచ్చు. అప్పుడు చాలామంది ‘టెంపరేచర్ ముల్లు మధ్యలోనే ఉంది కదా’ అని సర్దిచెప్పుకుంటారు. ఆ ముల్లును నమ్మకూడదు. దానికి కొలత అందించే సెన్సార్ కూలెంట్‌లో మునిగి ఉంటేనే సరిగ్గా పనిచేస్తుంది. కూలెంట్ పోయి చుట్టూ గాలి, ఆవిరి మాత్రమే మిగిలినప్పుడు, పక్కనున్న లోహం కాలిపోతున్నా అది తక్కువ చూపించవచ్చు. కాబట్టి కూలెంట్ లేకుండా ఎంత దూరం, ఎంత వేగంతో, ఎంత బరువుతో నడిచిందన్నది గుర్తున్నంత వరకు రాసిపెట్టుకోండి. నిలబడి రెండు నిమిషాలు ఆడిన ఇంజిన్‌కూ, ఘాట్ రోడ్డు ఎక్కిన ఇంజిన్‌కూ జరిగే నష్టం ఒకటి కాదు.

ఆపిన తర్వాత మళ్లీ సెల్ఫ్ కొట్టవద్దు. కాలుతున్న ఇంజిన్‌లో చల్లటి నీళ్లు పోయడం అన్నిటికంటే పెద్ద పొరపాటు. వేడికి వ్యాకోచించిన హెడ్ (సిలిండర్ల పైన మూతలా బిగించే భాగం) ఒక్కసారిగా ఒకచోట కుంచించుకుపోయి పగులు ఇచ్చే ప్రమాదం ఉంది. రేడియేటర్ మూత కూడా వేడి మీద తీయకూడదు, లోపల మిగిలిన కాస్త కూలెంట్ ఒత్తిడితో ఎగిరి ముఖం మీద పడుతుంది. వీలైతే కారును లాగించుకొని ఇంటికో గ్యారేజీకో చేర్చి, రాత్రంతా చల్లారనివ్వండి. ఇక్కడి నుంచి చెప్పే పనులన్నీ చల్లటి ఇంజిన్ మీద చేయవలసినవే.

ముందు ఆయిల్, ఆ తర్వాతే మిగతావి

డిప్‌స్టిక్ తీసి తెల్లటి గుడ్డ మీద తుడవండి. ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో, నురగలాగా ఉంటే నీళ్లు కలిశాయని అర్థం. ఆ ఇంజిన్‌ను ఇక తిప్పకుండా మెకానిక్‌కు అప్పగించాలి. అయితే ఆయిల్ పోసే మూత అడుగున మాత్రమే కొద్దిగా మీగడలాంటిది కనబడి, డిప్‌స్టిక్ శుభ్రంగా ఉంటే కంగారు పడనక్కరలేదు, రోజూ రెండు మూడు కిలోమీటర్లే తిరిగే కార్లలో తేమ పేరుకొని అలా అవుతుంది. ఘాటైన మాడు వాసన వస్తే ఆయిల్ పాడైందని లెక్క. గుడ్డను ఎండలో అటూ ఇటూ తిప్పి చూసినప్పుడు వెండి పొడిలాంటి మెరుపు కనబడితే దాని దగ్గర అయస్కాంతం పెట్టండి: పొడి అంటుకోకపోతే అది పిస్టన్‌దో బేరింగ్‌దో అయ్యే అవకాశం ఎక్కువ, ఎందుకంటే అల్యూమినియం అయస్కాంతానికి అంటుకోదు.

తర్వాత ఇంజిన్ స్వేచ్ఛగా తిరుగుతోందా లేదా చూడాలి. పిస్టన్‌కూ అది పైకీ కిందికీ కదిలే సిలిండర్ గోడకూ (దీన్నే బోరు అంటారు) మధ్య ఉండే సందు చాలా ఇంజిన్లలో వెంట్రుక మందం కంటే తక్కువ. కూలెంట్ లేనప్పుడు పిస్టన్ ఉబ్బి ఆ సందు మూసుకుపోతుంది, ఆయిల్ పొర చిరిగిపోయి లోహం లోహాన్ని రాసుకుంటుంది. మెకానిక్‌లు ఇంజిన్ పట్టేసింది అనేది ఈ స్థితినే. స్పార్క్ ప్లగ్గులు నాలుగూ విప్పి, ఇంజిన్ చివర బెల్టు తిరిగే క్రాంక్ పుల్లీ బోల్టుకు పానా వేసి, ఇంజిన్ మామూలుగా తిరిగే దిశలోనే మెల్లగా రెండు చుట్లు తిప్పండి. మొదటి నుంచి చివరి వరకు ఒకే బిగువుతో తిరగాలి. ఒకచోట గరగరలాడినా, ఆగిపోయినా బలవంతం చేయకూడదు.

విప్పిన ప్లగ్గులను ఏ సిలిండర్‌ది ఏదో తెలిసేలా వరుసగా పెట్టి చూడండి. మూడు ప్లగ్గుల కొనలు గోధుమ రంగులో ఉండి, ఒకటి మాత్రం ఆవిరితో కడిగినట్టు తెల్లగా మెరుస్తుంటే, ఆ సిలిండర్‌లోకి నీళ్లు వచ్చాయని అనుమానించాలి. ఫోన్‌కు తగిలించుకునే బోరోస్కోప్ కెమెరా ఉంటే ప్లగ్గు రంధ్రంలోంచి బోరు గోడలు కూడా చూడవచ్చు. గోడ మీద అడ్డంగా, ఏటవాలుగా ఉండే సన్నని గీతలు తయారీలో వేసినవే. పై నుంచి కిందికి నిలువుగా గీరుకుపోయిన చారలే దెబ్బకు గుర్తు.

ఒత్తిడి పరీక్షలు

ఊడిన క్లిప్పు, చిరిగిన పైపు, కారుతున్న వాటర్ పంపు, ఏది కారణమైతే అది ముందు బాగుచేయించాలి. పరీక్ష కోసం ఖరీదైన కూలెంట్ పోయనక్కరలేదు, డిస్టిల్డ్ వాటర్ చాలు. బోరుబావి నీళ్లు మాత్రం వద్దు, వాటిలోని సున్నం లోపల పేరుకుంటుంది. నింపిన తర్వాత రేడియేటర్ మూత స్థానంలో చేతి పంపు, గేజ్ ఉన్న టెస్టర్ బిగించి, మూత మీద రాసి ఉన్న ఒత్తిడి వరకు, అంటే చాలా కార్లలో దాదాపు 1 బార్ వరకు, గాలి కొట్టండి. పావుగంట గడిచినా ముల్లు కదలకూడదు. ముల్లు దిగుతున్నా బయట ఎక్కడా చుక్క కనబడకపోతే, ఆ నీళ్లు లోపలికే పోతున్నాయన్న మాట. అప్పుడు ప్లగ్గు రంధ్రాలకు ముఖం ఎదురుగా పెట్టకుండా ఇంజిన్‌ను చేత్తో తిప్పితే, చెడిన సిలిండర్ నుంచి నీళ్లు బయటకు వస్తాయి.

ఇక కంప్రెషన్ పరీక్ష, అంటే ఒక్కో సిలిండర్ గాలిని ఎంత ఒత్తిడితో నొక్కగలుగుతోందో కొలవడం. నా లెక్కలో హెడ్ దించాలా వద్దా అని తేల్చేది ఇదే. మెకానిక్ ఈ పరీక్ష చేయకుండానే హెడ్ విప్పాలంటే ఒప్పుకోవద్దు. ఫ్యూయల్ పంపు ఫ్యూజు తీసి, ఇగ్నిషన్ కాయిళ్ల కనెక్టర్లు విప్పి, ఒక్కో ప్లగ్గు రంధ్రంలో గేజ్ బిగించి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి ఉంచి, ముల్లు పెరగడం ఆగే వరకు నాలుగైదు చుట్లు సెల్ఫ్ కొట్టాలి. పెట్రోల్ ఇంజిన్లలో సాధారణంగా 10 నుంచి 14 బార్ వరకు వస్తుంది. కంపెనీ మాన్యువల్ వేడి ఇంజిన్‌కు అంకెలు ఇస్తుంది, మనం చల్లటి ఇంజిన్ మీద చూస్తున్నాం, అందుకని అంకె కాస్త తగ్గినా సిలిండర్ల మధ్య తేడానే ముఖ్యం. ఆ తేడా 15 శాతం దాటకూడదు. ఒక సిలిండర్ తక్కువ చూపితే అందులో ఒక చెంచా ఇంజిన్ ఆయిల్ వేసి మళ్లీ చూడండి: ఒత్తిడి పెరిగితే పిస్టన్ రింగులు, బోరు దెబ్బతిన్నట్టు, పెరగకపోతే వాల్వులో, హెడ్ కింద సీలుగా ఉండే హెడ్ గాస్కెట్టో అనుకోవాలి. పక్కపక్కనున్న రెండు సిలిండర్లూ తగ్గి, రెండింటి అంకెలూ దగ్గరగా ఉంటే, వాటి మధ్య గాస్కెట్ కాలిపోయిందనడానికి అంతకంటే పెద్ద ఆనవాలు ఉండదు. డీజిల్ ఇంజిన్‌లో కంప్రెషన్ ఇంతకు రెట్టింపు పైనే ఉంటుంది, పెట్రోల్ గేజ్ దానికి పనికిరాదు.

స్టార్ట్ చేసి చూడడం

ఇంతవరకు అన్నీ బాగుంటేనే కొత్త ఆయిల్, కొత్త ఫిల్టర్ వేసి స్టార్ట్ చేయండి. హీటర్ పూర్తిగా తిప్పి ఉంచితే లోపల చిక్కుకున్న గాలి బయటపడడం తేలికవుతుంది. మొదట కాసేపు నీటి మట్టం దిగుతూ బుడగలు రావడం సహజం. గాలంతా పోయాక కూడా నీళ్లు మరుగుతున్నట్టు బుడగలు ఆగకుండా వస్తుంటే, సిలిండర్‌లోని పొగ నీళ్లలోకి తోసుకొస్తోందని అర్థం. దీన్ని నిర్ధారించడానికి నీలి రంగు ద్రవంతో చేసే పరీక్ష ఉంది: రేడియేటర్ పైన చేరిన ఆవిరిని ఆ ద్రవం గుండా లాగితే, పెట్రోల్ పొగ కలిసి ఉన్నప్పుడు నీలం పసుపుగా మారుతుంది. ఇంజిన్ బాగా వేడెక్కిన తర్వాత కూడా సైలెన్సర్ నుంచి తెల్లటి పొగ తగ్గకపోతే అదీ చెడ్డ గుర్తే.

హెడ్ దించవలసి వస్తే గాస్కెట్ మార్చి ఊరుకోనివ్వకండి. ఇనుము కంటే అల్యూమినియం దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది, అందుకే ఇనుప బ్లాకు మీద బిగించిన అల్యూమినియం హెడ్ వేడికి వంకర పోతుంది. శుభ్రం చేసిన హెడ్ మీద సూటి స్టీలు బద్దను నిలువుగా, అడ్డంగా, మూలమూలకూ పెట్టి, కింద ఫీలర్ గేజ్ (సందు కొలిచే సాధనం) రేకు దూరుతుందేమో మీ కళ్ల ముందే చూపించమనండి. కారును బట్టి 0.05 నుంచి 0.10 మిల్లీమీటర్ల వరకే అనుమతి ఉంటుంది. దాటితే ఫేసింగ్ చేయించాలి, అంటే హెడ్ ముఖాన్ని మెషీన్ మీద చదును చేయించాలి, పగుళ్ల పరీక్ష కూడా చేయించాలి. ఒకసారి సాగిన హెడ్ బోల్టులను మళ్లీ వాడవద్దని చాలా కంపెనీలు చెబుతాయి.

పరీక్షలన్నీ గట్టెక్కిన ఇంజిన్‌ను కూడా మరో 1,000 కిలోమీటర్ల వరకు కనిపెట్టి ఉండాలి. నీళ్లు తీసేసి సరైన కూలెంట్ నింపి, రిజర్వ్ బాటిల్ మీద మట్టం దగ్గర మార్కర్‌తో గీత పెట్టండి. రోజూ పొద్దున్నే స్టార్ట్ చేయకముందు ఆ గీత చూసి, రేడియేటర్ పై హోస్ పైపును చేత్తో నొక్కండి. అది మెత్తగా అణగాలి. రాత్రంతా చల్లారిన తర్వాత కూడా గట్టిగా బిగుసుకొని ఉంటే, కారును బయటకు తీయకుండా మళ్లీ గ్యారేజీకి కబురు పెట్టండి.